డీబగ్గింగ్‌లో వాచ్‌డాగ్ రీసెట్: పట్టుకోవడం ఎలా, కావాలని పుట్టించడం ఎలా

బ్రేక్‌పాయింట్ దగ్గర ప్రోగ్రామ్ ఆగుతుంది. వేరియబుల్ విలువ చూసుకుని స్టెప్ నొక్కితే, తర్వాతి లైనుకు వెళ్లాల్సింది పోయి, చిప్ మొదటి నుంచి మొదలయ్యే చోట, అంటే రీసెట్ హ్యాండ్లర్‌లో తేలుతుంది. కారణం వాచ్‌డాగ్: ప్రోగ్రామ్ గడువులోపు తనను రిఫ్రెష్ చేయకపోతే, అది ఎక్కడో ఇరుక్కుందని లెక్కవేసి చిప్‌ను రీసెట్ చేసే టైమర్. కాసేపు తంటాలు పడ్డాక చాలామంది వాచ్‌డాగ్‌ను మొదలుపెట్టే లైనును కామెంట్ చేసేస్తారు. బోర్డు దారికొచ్చినట్టే కనిపిస్తుంది. కానీ అప్పటి నుంచి డీబగ్ చేస్తున్న ఫర్మ్‌వేర్ ఒకటి, చివరికి బోర్డులోకి వెళ్లే ఫర్మ్‌వేర్ ఇంకొకటి. అంతకన్నా పెద్ద నష్టం, ప్రోగ్రామ్ ఎక్కడ ఇరుక్కుందో చెప్పగల సాక్ష్యం చేజారిపోవడం. వాచ్‌డాగ్ రీసెట్ కొట్టిన క్షణంలో చిప్ ర్యామ్‌లో మిగిలే సమాచారం చాలా విలువైనది. దాన్ని తీసుకోవడానికి అదనపు పరికరమేదీ అక్కర్లేదు.

ఉదాహరణగా ఎస్‌టీఎం32ఎఫ్103సీ8 చిప్‌ను తీసుకుందాం. బ్లూ పిల్ అని పిలిచే చవక బోర్డుపై ఉండేది ఇదే. కార్టెక్స్-ఎం3 కోర్, 64 కిలోబైట్ల ఫ్లాష్, 20 కిలోబైట్ల ర్యామ్. డీబగ్గర్ ఎస్‌టీ-లింక్, సాఫ్ట్‌వేర్ ఓపెన్ఓసీడీ. కింద హెక్స్ అని రాసిన అంకెలూ, రిజిస్టర్ల అడ్రస్‌లూ, ఆ అడ్రస్‌లకు రాసే విలువలూ అన్నీ పదహారు ఆధారంగా ఉన్నవి.

రెండు వాచ్‌డాగ్‌లు, రెండు గడియారాలు

ఈ చిప్‌లో రెండు వాచ్‌డాగ్‌లు ఉన్నాయి. ఐడబ్ల్యూడీజీ అనే స్వతంత్ర వాచ్‌డాగ్‌కు ఎల్ఎస్ఐ అనే సొంత ఆర్‌సీ ఆసిలేటర్ ఉంది. ప్రధాన క్లాక్ చచ్చిపోయినా అది లెక్కపెడుతూనే ఉంటుంది. ఒకసారి మొదలైతే రీసెట్ తప్ప ఆపే మార్గం లేదు. రెండోది డబ్ల్యూడబ్ల్యూడీజీ, అంటే విండో వాచ్‌డాగ్. ఇది పెరిఫెరల్ బస్ క్లాక్‌ను 4096తో భాగించి వాడుకుంటుంది. ఆలస్యంగా రిఫ్రెష్ చేసినా రీసెట్టే, విండో తెరుచుకోకముందే తొందరపడి రిఫ్రెష్ చేసినా రీసెట్టే. బస్ క్లాక్ 36 మెగాహెర్ట్జ్ ఉంటే దీనికి దొరికే గరిష్ఠ గడువు 58.25 మిల్లీసెకన్లు.

ఐడబ్ల్యూడీజీ గడువు లెక్కలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఎల్ఎస్ఐ 40 కిలోహెర్ట్జ్ అని పుస్తకంలో ఉంటుంది గానీ, డేటాషీట్ హామీ ఇచ్చేది 30 నుంచి 60 కిలోహెర్ట్జ్ వరకే. ఒక సెకను గడువు కావాలని ప్రీస్కేలర్ (క్లాక్‌ను భాగించే సంఖ్య) 32, రీలోడ్ విలువ (లెక్క మొదలయ్యే సంఖ్య) 1249 పెట్టారనుకుందాం. 40 కిలోహెర్ట్జ్ దగ్గర సరిగ్గా ఒక సెకను వస్తుంది. అదే ఎల్ఎస్ఐ 60 కిలోహెర్ట్జ్‌తో నడిచే చిప్‌లో 0.67 సెకన్లకే రీసెట్ కొడుతుంది, 30తో నడిచేదానిలో 1.33 సెకన్ల దాకా ఆగుతుంది. టేబుల్ మీద బాగా నడిచిన ఫర్మ్‌వేర్ పదో బోర్డులోనో, ఎండకు వేడెక్కిన పెట్టెలోనో రీసెట్ అవుతుంటే ముందు చూడాల్సింది ఇక్కడ. మెయిన్ లూప్ ఒక చుట్టు అతి ఎక్కువగా తీసుకునే సమయం 0.67 సెకన్ల లోపు ఉండాలి, ఒక సెకను లోపు ఉంటే చాలదు.

రీసెట్ కొట్టింది ఎవరు?

కోడ్‌లో ఏ మార్పూ చేయకముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. జవాబు ఆర్‌సీసీ_సీఎస్ఆర్ రిజిస్టర్‌లో ఉంటుంది. ఎఫ్103లో దాని అడ్రస్ హెక్స్ 40021024. ఓపెన్ఓసీడీలో ఎండీడబ్ల్యూ కమాండ్‌తో చదవచ్చు. పై బిట్లు చూడండి: 29వ బిట్ ఐడబ్ల్యూడీజీ, 30 డబ్ల్యూడబ్ల్యూడీజీ, 28 సాఫ్ట్‌వేర్ రీసెట్, 27 పవర్-ఆన్, 26 రీసెట్ పిన్.

ఇక్కడ ఒక మెలిక ఉంది. లోపల ఏ కారణంతో రీసెట్ పుట్టినా చిప్ తన రీసెట్ పిన్‌ను, అంటే ఎన్ఆర్ఎస్‌టీని, తానే కనీసం 20 మైక్రోసెకన్ల పాటు కిందికి లాగుతుంది. అందుకే వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత కూడా 26వ బిట్ వెలిగే (1గానే) ఉంటుంది. కోడ్‌లో ఆ బిట్‌నే ముందు పరీక్షిస్తే ప్రతి రీసెట్టూ ‘ఎవరో బటన్ నొక్కారు’ అన్నట్టే నమోదవుతుంది. వాచ్‌డాగ్, సాఫ్ట్‌వేర్, పవర్-ఆన్ బిట్లను ముందు చూసి, అవేవీ లేకపోతేనే పిన్ రీసెట్ అని రాసుకోవాలి.

ఈ జెండాలు వాటంతట అవి చెరగవు. 24వ బిట్ అయిన ఆర్ఎంవీఎఫ్‌కు 1 రాసేదాకా పేరుకుపోతుంటాయి. పొద్దున పవర్ ఇచ్చినప్పటి జెండా సాయంత్రం వాచ్‌డాగ్ జెండా పక్కనే కనిపిస్తే ఏది తాజాదో చెప్పలేం. ఫర్మ్‌వేర్ మెయిన్‌లోకి రాగానే రిజిస్టర్‌ను చదివి, ఒక చోట దాచుకుని, వెంటనే చెరిపేయాలి.

ఆసిల్లోస్కోప్ ఉంటే ఎన్ఆర్ఎస్‌టీ మీద పడే అంచుకు ట్రిగ్గర్ పెట్టండి, రెండో చానల్‌ను 3.3 వోల్టుల సప్లై మీద ఉంచండి. మోటారో రిలేనో ఆన్ అయిన క్షణంలో సప్లై కుంగి రీసెట్ అవుతుంటే వాచ్‌డాగ్‌ను అనుమానించి ప్రయోజనం లేదు. ఎన్ఆర్ఎస్‌టీ లోపలి పుల్-అప్ సుమారు 40 కిలో ఓమ్‌లు, బయట పెట్టేది సాధారణంగా 100 నానోఫారడ్‌ల కెపాసిటర్. కాబట్టి పైకి లేచే అంచు నాలుగైదు మిల్లీసెకన్లపాటు వాలుగా కనిపిస్తుంది. అది సహజమే.

ఆపేయడం వేరు, ఫ్రీజ్ చేయడం వేరు

బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగేది కోర్ మాత్రమే. ఐడబ్ల్యూడీజీకి కోర్ ఆగిందని తెలియదు. దానికి తెలియజేసేది డీబీజీఎంసీయూ_సీఆర్ రిజిస్టర్. ఎఫ్103లో అడ్రస్ హెక్స్ ఈ0042004. 8వ బిట్ పెడితే కోర్ ఆగి ఉన్నంతసేపూ ఐడబ్ల్యూడీజీ లెక్క ఆగుతుంది, 9వ బిట్ డబ్ల్యూడబ్ల్యూడీజీకి. కోర్ మళ్లీ పరుగెత్తగానే లెక్క ఆగినచోటి నుంచే సాగుతుంది. అంటే వాచ్‌డాగ్ పనిచేస్తూనే ఉంటుంది, మనం ఆలోచించుకునే సమయాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోదు.

ఎస్‌టీ ఇచ్చే హాల్ లైబ్రరీలో దీనికి మ్యాక్రో ఉంది కదా, మెయిన్‌లో పెట్టేస్తే సరిపోతుందనుకోవడం ఎఫ్103 విషయంలో పొరపాటు. ఈ శ్రేణి ఎర్రాటాలోనే (తయారీదారు ఇచ్చే చిప్ లోపాల జాబితాలో) రాసి ఉంది: డీబీజీఎంసీయూ రిజిస్టర్లు డీబగ్ మోడ్‌లో తప్ప యూజర్ కోడ్‌కు అందవు, చదివితే సున్నా వస్తుంది. కాబట్టి ఆ బిట్‌ను డీబగ్గరే రాయాలి. ఓపెన్ఓసీడీ ఎఫ్1 టార్గెట్ ఫైల్ చిప్‌ను గుర్తించగానే ఆ రిజిస్టర్‌లో హెక్స్ 307 బిట్లను వెలిగిస్తుంది. రెండు వాచ్‌డాగ్‌ల ఫ్రీజ్‌తో పాటు స్లీప్, స్టాప్, స్టాండ్‌బై మోడ్‌లలో డీబగ్ తెగిపోకుండా చూసే బిట్లు కూడా అందులో ఉన్నాయి. వేరే ఐడీఈ వాడుతుంటే దాని డీబగ్ సెట్టింగ్‌లలో ఈ పని జరుగుతోందో లేదో చూసుకోండి. ఎఫ్4 శ్రేణిలో ఇదే పనికి వేరే రిజిస్టర్ ఉంది: ఏపీబీ1_ఎఫ్‌జెడ్, అడ్రస్ హెక్స్ ఈ0042008, ఐడబ్ల్యూడీజీకి 12వ బిట్, డబ్ల్యూడబ్ల్యూడీజీకి 11వ బిట్.

ఫ్రీజ్ పెట్టినా ఫ్లాష్ రాసేటప్పుడు రీసెట్ కొడితే ఆశ్చర్యపోకండి. ఫ్లాష్‌లోకి రాసే చిన్న ప్రోగ్రామ్‌ను డీబగ్గర్ ర్యామ్‌లోకి ఎక్కించి కోర్ చేతనే నడిపిస్తుంది. ఆ సమయంలో కోర్ ఆగి ఉండదు కనుక ఫ్రీజ్ వర్తించదు. వాచ్‌డాగ్‌ను ఫర్మ్‌వేరే మొదలుపెట్టే బోర్డులో రీసెట్ హాల్ట్ కమాండ్ ఇచ్చాక రాస్తే చాలు, ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా నడవలేదు కనుక వాచ్‌డాగ్ మొదలే కాదు. ఆప్షన్ బైట్‌లో (ఫ్లాష్‌లో చిప్ సెట్టింగ్‌లు ఉండే చోట) హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఎంచుకున్న బోర్డులో అది కుదరదు. అక్కడ పవర్ రాగానే 409.6 మిల్లీసెకన్ల గడువుతో అది మొదలైపోతుంది. అలాంటప్పుడు రాసే ముందు గడువు పెంచుకోవాలి: హెక్స్ 40003000కు హెక్స్ 5555 రాసి తాళం తీయండి, 40003004కు 6 రాయండి, 40003008కు ఎఫ్ఎఫ్ఎఫ్ రాయండి, 4000300సీ సున్నా అయ్యేదాకా ఆగి, 40003000కు ఏఏఏఏ రాయండి. ఎల్ఎస్ఐ 40 కిలోహెర్ట్జ్ అయితే 26 సెకన్ల పైచిలుకు దొరుకుతుంది.

రీసెట్ క్షణాన్ని పట్టుకోవడం

అసలు విషయం ఇది. కార్టెక్స్-ఎం3లో డెమ్‌సీఆర్ అనే రిజిస్టర్ ఉంది, అడ్రస్ హెక్స్ ఈ000ఈడీఎఫ్‌సీ. దాని 0వ బిట్ వెలిగిస్తే, ఏ కారణంతో రీసెట్ అయినా సరే కోర్ మొదటి ఇన్‌స్ట్రక్షన్ నడపకముందే ఆగిపోతుంది. ఓపెన్ఓసీడీలో దీనికి కార్టెక్స్_ఎం వెక్టర్_క్యాచ్ రీసెట్ అనే కమాండ్ ఉంది. ఈ డీబగ్ రిజిస్టర్లు పవర్-ఆన్ రీసెట్‌తోనే చెరిగిపోతాయి, వాచ్‌డాగ్ రీసెట్‌కు చెక్కుచెదరవు. ఫ్రీజ్ బిట్‌తోనూ దీనికి తగవు లేదు.

ఇప్పుడు బ్రేక్‌పాయింట్లన్నీ తీసేసి ప్రోగ్రామ్‌ను దాని మానాన వదిలేయండి. గంటలు పట్టినా ఫర్వాలేదు. వాచ్‌డాగ్ కొట్టగానే చిప్ రీసెట్ గుమ్మంలో ఆగి మన కోసం ఎదురుచూస్తుంది. స్టార్టప్ కోడ్ ఇంకా నడవలేదు. గ్లోబల్ వేరియబుళ్లను ఎవరూ సున్నా చేయలేదు, స్టాక్‌ను ఎవరూ తుడవలేదు. పవర్ పోలేదు కనుక ర్యామ్‌లోని 20 కిలోబైట్లూ ఇరుక్కున్నప్పటి స్థితిలోనే ఉంటాయి. పోయేది కోర్ రిజిస్టర్లే: ప్రోగ్రామ్ కౌంటర్, లింక్ రిజిస్టర్, స్టాక్ పాయింటర్.

మొదట డంప్_ఇమేజ్ కమాండ్‌తో హెక్స్ 20000000 నుంచి హెక్స్ 5000 బైట్లను ఫైల్‌లోకి దించండి. తర్వాత ఆర్‌సీసీ_సీఎస్ఆర్ చదివి ఇది నిజంగా వాచ్‌డాగ్ పనేనని ఖాయం చేసుకోండి. ఆ తర్వాత లింకర్ స్టాక్‌కు ఇచ్చిన పై అంచు నుంచి, సాధారణంగా హెక్స్ 20005000 నుంచి, కిందికి వెతకండి. ఫంక్షన్లు తిరిగి వెళ్లాల్సిన అడ్రస్‌లు అక్కడ వరుసగా పడి ఉంటాయి. అవి హెక్స్ 0800తో మొదలై, థంబ్ బిట్ వల్ల బేసి సంఖ్యలుగా ఉంటాయి. ఇంటరప్ట్ ఫ్రేమ్ ఉంటే దాన్ని ఇంకా తేలికగా పోల్చుకోవచ్చు: ఎనిమిది పదాల వరుస, చివరిది హెక్స్ 01000000, 21000000, 61000000 లాంటి స్టేటస్ విలువ, దానికి ముందుది సరిసంఖ్యగా ఉన్న ప్రోగ్రామ్ కౌంటర్. ఈ అడ్రస్‌లను యాడర్2లైన్ అనే ప్రోగ్రామ్‌కు ఇస్తే ఫైల్ పేరూ లైన్ నంబరూ వస్తాయి.

స్టాక్‌లో పాత పిలుపుల అవశేషాలు కూడా ఉంటాయి. స్టాక్ పాయింటర్ ఎక్కడ ఉండేదో తెలియదు కనుక, దొరికిన ప్రతి అడ్రస్‌నూ నమ్మకూడదు. పై అంచుకు దగ్గరున్న అడ్రస్‌లు ఎక్కువ నమ్మదగినవి, ఎందుకంటే మెయిన్ నుంచి మొదలైన గొలుసు అక్కడే ఉంటుంది. ఐ2సీ బస్సీ జెండా కోసం గడువు లేకుండా తిరిగే లూపులు, మ్యూటెక్స్ కోసం ఒకదానికొకటి ఎదురుచూసే రెండు టాస్కులు, ఇంటరప్ట్‌లు ఆపి మళ్లీ తెరవడం మరిచిపోయిన చోట్లు ఇలాగే బయటపడతాయి.

డీబగ్గర్ తగిలించలేని చోట, అంటే పొలంలో పంపు కంట్రోలర్‌లోనో మేడ మీద మీటర్‌లోనో ఉన్న బోర్డుకు, ఇదే పనిని ఫర్మ్‌వేర్ చేసుకోవాలి. లింకర్ స్క్రిప్ట్‌లో స్టార్టప్ ముట్టుకోని ర్యామ్ భాగం ఒకటి కేటాయించి, ఏ టాస్క్ ఏ దశలో ఉందో అందులో రాస్తూ ఉండండి. చెల్లుబాటు తెలిసేలా ఒక గుర్తు విలువ, చెక్‌సమ్ జోడించండి. ఎఫ్103లో ఐడబ్ల్యూడీజీకి ముందస్తు ఇంటరప్ట్ లేదు, డబ్ల్యూడబ్ల్యూడీజీకి ఉంది. కౌంటర్ హెక్స్ 40కి దిగినప్పుడు అది పిలుస్తుంది. గరిష్ఠ ప్రీస్కేలర్‌తో 36 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ తర్వాత దొరికే సమయం ఒక టిక్కు, 910 మైక్రోసెకన్లు. స్టాక్‌లో 24 బైట్ల దూరంలో ఉన్న ప్రోగ్రామ్ కౌంటర్‌నూ, 20 బైట్ల దూరంలో ఉన్న లింక్ రిజిస్టర్‌నూ దాచుకోవడానికి అది ధారాళంగా చాలు. ఇంటరప్ట్‌లన్నీ ఆపేసిన కోడ్‌లో ఇరుక్కుంటే మాత్రం ఈ పిలుపు రాదు. అప్పుడు మిగిలేది ర్యామ్‌లో రాసుకున్న దశ గుర్తులే.

కావాలని రీసెట్ చేయాల్సినప్పుడు

రీసెట్ తీగ బోర్డు మీదికి రాకపోతే కార్టెక్స్-ఎంలో మామూలు దారి హెక్స్ ఈ000ఈడీ0సీకి హెక్స్ 05ఎఫ్ఏ0004 రాయడం. అది సాఫ్ట్‌వేర్ రీసెట్ జెండాను వెలిగిస్తుంది. వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత ఫర్మ్‌వేర్ ఎలా కోలుకుంటుందో పరీక్షించాలంటే అది పనికిరాదు, జెండా వేరు కనుక కోడ్ వేరే దారి పడుతుంది. నిజమైన వాచ్‌డాగ్ చేతనే కొట్టించాలి.

కోర్ ఆగి ఉండగా, ముందుగా ఈ0042004లో 8వ బిట్ తీసేయండి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే: డీబగ్గర్ పెట్టిన ఫ్రీజ్ అలాగే ఉంటే ఎంతసేపు చూసినా రీసెట్ రాదు. తర్వాత 40003000కు సీసీసీసీ రాస్తే వాచ్‌డాగ్ మొదలవుతుంది, ఎల్ఎస్ఐ కూడా దానితో పాటే ఆన్ అవుతుంది. ఏ విలువలూ మార్చకపోతే 0.4 సెకన్ల చుట్టుపక్కల రీసెట్ వస్తుంది, ఓపెన్ఓసీడీ ‘ఎక్స్‌టర్నల్ రీసెట్ డిటెక్టెడ్’ అని చెబుతుంది. గడువు మార్చాలనుకుంటే సీసీసీసీ రాశాకే 5555తో తాళం తీయండి. ఎల్ఎస్ఐ నడవకపోతే ప్రీస్కేలర్ మార్పు లోపలికి చేరదు, స్టేటస్ బిట్ వెలుగుతూనే ఉండిపోతుంది.

వెంటనే కావాలంటే డబ్ల్యూడబ్ల్యూడీజీ దారి ఉంది. 4002101సీలో 11వ బిట్ వెలిగించి దానికి క్లాక్ ఇవ్వండి, తర్వాత 40002సీ00కు హెక్స్ 80 రాయండి. ఎనేబుల్ బిట్ ఉంది, కౌంటర్ పై బిట్ అయిన టీ6 లేదు, అంటే గడువు దాటిపోయినట్టే లెక్క. అక్కడికక్కడే రీసెట్ అవుతుంది, 30వ బిట్ వెలుగుతుంది.

ఈ రీసెట్‌లు ముట్టుకోనివి కూడా గుర్తుంచుకోవాలి. బ్యాకప్ రిజిస్టర్లు అలాగే ఉంటాయి. బోర్డు మీది ఇతర చిప్‌లకు రీసెట్ జరిగిన సంగతే తెలియదు. బైట్ మధ్యలో ఉండగా ప్రాసెసర్ రీసెట్ అయితే ఐ2సీ సెన్సర్ డేటా తీగను కిందికి పట్టుకునే ఉంటుంది. కోలుకున్న ఫర్మ్‌వేర్ మళ్లీ అదే చోట ఇరుక్కుని మళ్లీ రీసెట్ అవుతుంది. అందుకే ఐ2సీ మొదలుపెట్టే ముందు క్లాక్ పిన్‌ను మామూలు అవుట్‌పుట్‌గా మార్చి తొమ్మిది పల్సులు ఇచ్చి బస్‌ను విడిపించాలి. బూట్0 పిన్ కూడా ప్రతి రీసెట్‌కూ మళ్లీ చదవబడుతుంది. దాన్ని గాలికి వదిలేస్తే వాచ్‌డాగ్ తర్వాత బోర్డు మన ప్రోగ్రామ్‌లోకి కాక సిస్టమ్ బూట్‌లోడర్‌లోకి పోవచ్చు.

తలుపు మూసుకుపోయినప్పుడు

మొదట్లోనే వాచ్‌డాగ్‌ను అతి తక్కువ గడువుతో మొదలుపెట్టిన ఫర్మ్‌వేర్ డీబగ్గర్ కుదురుకునేలోపే రీసెట్ అవుతూ ఉంటుంది. ఎన్ఆర్ఎస్‌టీ తీగ ఉంటే కనెక్ట్ అండర్ రీసెట్ పద్ధతి (రీసెట్‌లో పట్టి ఉంచి డీబగ్గర్ కలపడం) వాడండి. చవక ఎస్‌టీ-లింక్‌తో నాలుగు తీగలే కలిపి ఉంటే, బూట్0 జంపర్‌ను 1కి మార్చి పవర్ ఇవ్వండి. నడిచేది సిస్టమ్ బూట్‌లోడర్ కనుక మన కోడ్ మొదలుపెట్టే వాచ్‌డాగ్ రంగంలోకి రాదు. తీరిగ్గా ఫ్లాష్ చెరిపి కొత్తది ఎక్కించవచ్చు.

బయట విడిగా వాచ్‌డాగ్ చిప్ ఉన్న బోర్డు సంగతి వేరు. మ్యాక్స్823 లాంటిది 1.6 సెకన్ల గడువుతో ఉంటుంది, డీబగ్గర్ కోర్‌ను ఆపిందని దానికి చెప్పే దారే లేదు. దాని ఇన్‌పుట్ తీగలో జంపర్ పెట్టేలా బోర్డు గీసేటప్పుడే ఆలోచించాలి. ఈ చిప్‌లో ఆ పిన్‌ను తెరిచి వదిలేస్తే వాచ్‌డాగ్ పని ఆగిపోతుంది. ఇంకో చిక్కు దీని అవుట్‌పుట్‌ది: అది పుష్-పుల్ రకం, అంటే తీగను పైకీ కిందికీ తానే నడిపేది. ఎన్ఆర్ఎస్‌టీని గట్టిగా పైకి పట్టుకుని ఉంటే ఎస్‌టీఎం32 లోపలి వాచ్‌డాగ్ ఆ పిన్‌ను కిందికి లాగలేదు, రీసెట్ సరిగా పూర్తి కాదు. ఎన్ఆర్ఎస్‌టీ మీద పెట్టేది ఓపెన్ డ్రెయిన్ రకమే (కిందికి మాత్రమే లాగేది) అయి ఉండాలి.

వేరే చిప్‌లలో

రాస్‌ప్బెర్రీ పై పికో బోర్డుకు రీసెట్ బటన్ లేదు. అందులోని ఆర్‌పీ2040 చిప్‌లో వాచ్‌డాగ్ ఏయే భాగాలను రీసెట్ చేయాలో పీఎస్ఎం విభాగంలోని డబ్ల్యూడీసెల్ రిజిస్టర్ తేలుస్తుంది. డీబగ్గర్ నుంచి హెక్స్ 40010008కు 1ఎఫ్ఎఫ్ఎఫ్‌సీ రాస్తే రెండు ఆసిలేటర్లు తప్ప మిగిలినవన్నీ చేరతాయి. తర్వాత 40058000కు 80000000 రాస్తే రీసెట్. మొదటిది వదిలేసి రెండోదే రాస్తే ఆశించిన రీసెట్ రాదు. ఈ చిప్ ఎర్రాటా ప్రకారం కౌంటర్ ప్రతి టిక్కుకూ రెండు తగ్గుతుంది కనుక 24 బిట్లున్నా గరిష్ఠ గడువు సుమారు 8.3 సెకన్లే. రీసెట్‌ను దాటి నిలిచే ఎనిమిది స్క్రాచ్ రిజిస్టర్లున్నాయి. 4 నుంచి 7 వరకు బూట్‌రామ్ వాడుకుంటుంది కనుక మన గుర్తులు మొదటి నాలుగింటిలో దాచుకోవాలి.

లైనక్స్ నడిచే రాస్‌ప్బెర్రీ పైలో రీబూట్ కమాండ్ చివరికి చేసేది కూడా ఇదే: కెర్నల్ డ్రైవర్ వాచ్‌డాగ్‌కు పది టిక్కుల గడువు పెట్టి కొట్టనిస్తుంది. సెకనుకు 65536 టిక్కులు. ప్రతి రాతకూ పై బైట్‌లో 5ఏ అనే పాస్‌వర్డ్ ఉండాలి, లేకపోతే రాత లెక్కలోకి రాదు.

ఏటీమెగా328పీలో వేరే ఉచ్చు ఉంది. వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత కూడా వాచ్‌డాగ్ నడుస్తూనే ఉంటుంది, అదీ 16 మిల్లీసెకన్ల అతి చిన్న గడువుతో. స్టార్టప్ అంతకన్నా ఎక్కువ సమయం తీసుకుంటే బోర్డు ఎప్పటికీ రీసెట్లలోనే తిరుగుతుంది. రీసెట్ కారణాలు ఉండే ఎంసీయూఎస్ఆర్ రిజిస్టర్‌లో డబ్ల్యూడీఆర్ఎఫ్ బిట్‌ను ముందు చెరిపి, తర్వాత వాచ్‌డాగ్ కంట్రోల్ రిజిస్టర్‌లో డబ్ల్యూడీసీఈ, డబ్ల్యూడీఈ రెండూ ఒకేసారి వెలిగించి, నాలుగు క్లాక్ సైకిళ్ల లోపు డబ్ల్యూడీఈని ఆర్పాలి. ఆ బిట్ చెరపకుండా ఎన్నిసార్లు ఆర్పినా వాచ్‌డాగ్ ఆగదు. ఈ పనిని మెయిన్‌లో కాక, వేరియబుళ్లను సిద్ధం చేసే దశకు ముందే నడిచే ఇనిట్3 విభాగంలో పెట్టాలి.